బాండ్ కాగితం

"ఇక్కడ సంతకం" అని హెచ్ఆర్ అమ్మాయి వేలు పెట్టి చూపించింది. రాజీనామా కాగితం కాదు, బాకీ కాగితం. రెండేళ్ల బాండ్‌లో ఇంకా ఏడు నెలలు మిగిలాయట, ట్రైనింగ్ ఖర్చు ఆ లెక్కన కట్టాలి.

చెయ్యి వణకలేదు, నాకే ఆశ్చర్యం. మొన్నటిదాకా మా బాస్ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వింటేనే కడుపులో దేవేది. అందరి ముందూ నా రిపోర్టు బల్ల మీదకి విసిరిన రోజు కూడా ఈ బాండ్ గుర్తొచ్చే నోరు మూసుకున్నాను.

ఇంతా చేసి ఆ ట్రైనింగ్ ఏంటంటే, మూడు రోజులు పాత స్లైడ్లు చూడటం!

వాయిదాల్లో కడతానన్నాను. సరేనన్నారు. ఆ మాట రాసిమ్మన్నాను, రిలీవింగ్ లెటర్ ఎప్పుడిస్తారో తేదీతో సహా.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఫోన్ మోగింది. ఆయన నంబరే.

మోగనిచ్చాను.