పైన ఐస్ గట్టిగా, కింద పాలు విరుగుడు: మా ఇంటి ఫ్రిజ్ చిట్టా

మార్చి, రెండో వారం

ఒడిశా బరంపురంలో ఎండలు ఇంకా ముదరకముందే మా ఫ్రిజ్ మొరాయించింది. డబుల్ డోర్, ఫ్రాస్ట్ ఫ్రీ, పాత మోడల్. ఫ్రీజర్లో ఐస్ గట్టిగానే ఉంది. కింద మాత్రం పాలు మర్నాటికే విరిగిపోతున్నాయి, కొత్తిమీర సాయంత్రానికి వాడిపోతోంది.

అమ్మ పిలిపించిన మెకానిక్ వెనక్కి వెళ్లి కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి చూసి, "గ్యాస్ అయిపోయిందమ్మా" అనేశాడు. తలుపు కూడా తియ్యలేదు. ఫ్రిజ్‌లో గ్యాస్ స్కూటర్లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్న మాట, అప్పుడు ఫ్రీజర్ కూడా నీరసపడాలి. మాది అలా లేదు. మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు విప్పి బాగుచెయ్యడం నాకు ఎప్పటినుంచో ఉన్న పిచ్చే కాబట్టి, ఆయనకి టీ ఇచ్చి పంపించేసి ఈ చిట్టా మొదలుపెట్టాను.

మొదట కొలత. థర్మామీటర్‌ని ఊరికే అరలో పెడితే తలుపు తీసిన ప్రతిసారీ అంకె మారిపోతుంది. గ్లాసుడు నీళ్లలో ముంచి, మధ్య అరలో రాత్రంతా ఉంచాలి. పొద్దున చూస్తే 13 డిగ్రీలు. ఉండాల్సింది 4 లోపు. ఫ్రీజర్లో మైనస్ 16, అక్కడ పెద్ద లోటేమీ లేదు.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో చల్లదనం పుట్టేది ఒక్క చోటే, ఫ్రీజర్ వెనక పలక చాటున ఉండే కాయిల్ దగ్గర. అక్కడి చల్లగాలిని చిన్న ఫ్యాన్ కొంత ఫ్రీజర్లోకి, కొంత కింది గదిలోకి తోస్తుంది. గాలిలో తేమ కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది కాబట్టి, కొన్ని గంటలకోసారి కంప్రెసర్ ఆగి ఒక హీటర్ వెలిగి ఆ మంచుని కరిగిస్తుంది. ఆ కరిగించే పని ఆగిపోతే మంచు పెరిగి పెరిగి గాలి దారి మూసుకుపోతుంది. ఫ్రీజర్ ఆ మంచు పక్కనే ఉంటుంది కాబట్టి దానికి తెలియదు. కింది గదే ముందు దెబ్బతింటుంది. సముద్రం పక్కన, గోపాలపూర్‌కి ఇంత దగ్గర ఊళ్లో గాలి నిండా తేమే. ఇక్కడ ఈ జబ్బు తొందరగా బయటపడుతుంది.

అదే వారం, ఆదివారం

ప్లగ్ తీసేసి, సామానంతా పైన అక్కావాళ్ల ఫ్రిజ్‌లోకి పంపించాను. ఫ్రీజర్ వెనక పలకకి స్క్రూలు చిన్న ప్లాస్టిక్ మూతల కింద దాక్కుని ఉంటాయి. పలక ఊడి వచ్చేసరికి లోపల కాయిల్ కనపడలేదు. మొత్తం తెల్లటి దిమ్మ. ఫ్యాన్ రెక్కల అంచుల దాకా మంచు పాకింది.

ఇది ఒకరకంగా మంచి వార్త. మంచు కాయిల్ అంతటా ఒకే మందంలో పట్టిందంటే గ్యాస్ సరిగ్గానే తిరుగుతోంది, కరిగించే వ్యవస్థే చచ్చిపోయింది. మొదటి ఒకటి రెండు మెలికల మీదే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటేనే గ్యాస్ మీద అనుమానపడాలి. మెకానిక్ ఈ పలక ఒక్కటి తీసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

కరిగించడానికి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి, లోపల గిన్నెతో వేడినీళ్లు మార్చుతూ కూర్చున్నాను. చాకు, స్క్రూడ్రైవర్ పెట్టి పొడవకూడదు. కాయిల్ పలుచటి అల్యూమినియం, చిల్లు పడిందంటే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. మా దాని స్టిక్కర్ మీద గ్యాస్ రకం ఆర్134ఏ అని ఉంది. కొత్తవాటిలో చాలావరకు ఆర్600ఏ ఉంటుంది. అది ఐసోబ్యూటేన్, మండే గ్యాస్. గొట్టం కోసి అతికే పని ఏ ఫ్రిజ్‌కైనా నేను పెట్టుకోను. ఆ రకానికైతే దాని జోలికే వెళ్లకూడదు.

ఇక మల్టీమీటర్. హీటర్ మీద 150 వాట్లు అని రాసుంది. 230 వోల్టుల వర్గాన్ని 150తో భాగిస్తే సుమారు 353 ఓంలు రావాలి. 346 వచ్చింది. హీటర్ బాగుంది. మరీ వేడెక్కితే కరెంటు తెంచేసే థర్మల్ ఫ్యూజు కూడా బాగానే ఉంది. మిగిలింది బైమెటల్, అంటే కాయిల్ పై గొట్టానికి క్లిప్పుతో పట్టించిన బిళ్ల. ఇది చల్లగా ఉన్నప్పుడే కరెంటుని పోనిస్తుంది, మంచు కరిగి వేడెక్కగానే తెంచేస్తుంది. అందుకే గది వేడిలో పరీక్షిస్తే బాగున్నది కూడా తెగిపోయినట్టే చూపిస్తుంది. అలా చూసి మంచి బిళ్లని పారేసి కొత్తది కొనేవాళ్లు ఉన్నారు.

దాన్ని గడ్డకట్టే చలిలో పరీక్షించాలి. ఐస్ ముక్కల్లో గుప్పెడు కళ్లుప్పు కలిపితే సున్నాకి బాగా దిగువకి వెళ్తుంది. మన ఫ్రీజర్ ఖాళీ కాబట్టి ఐస్ కోసం పైకి వెళ్లాను. బావ ఆ మధ్యే పెద్ద సైడ్ బై సైడ్ ఫ్రిజ్ కొన్నారు, తనంతట తనే ఐస్ చేసే రకం. అక్క గిన్నెలో పోసిచ్చిన ముక్కలు చూస్తే సగం సైజులో ఉన్నాయి, నొక్కితే లోపల గుల్ల. "ఇవేంటక్కా ఇలా ఉన్నాయి?" అంటే, "మొదట్నుంచీ అంతే. ఈ మధ్య అవి కూడా సరిగ్గా రావట్లేదు" అంది. అది తర్వాత చూద్దామనుకుని కిందకి వచ్చాను.

ఉప్పు కలిపిన ఐస్‌లో థర్మామీటర్ మైనస్ 14 చూపించింది. బిళ్లని పాలిథిన్ సంచిలో చుట్టి అందులో కాసేపు ఉంచి, మీటర్ పెట్టాను. కదలిక లేదు. దొంగ దొరికాడు.

మర్నాడు

గేట్ బజార్ వైపు స్పేర్ పార్టుల దుకాణం. పాత బిళ్ల పట్టుకెళ్లడం మంచిది, వైర్లు లెక్కపెట్టుకుని కొనాలి. రెండు వైర్లుంటే ఒట్టి బైమెటల్, నాలుగుంటే ఫ్యూజు కూడా దాంతోనే కలిసి ఉంటుంది. దుకాణదారుడు సగం ఒడియా సగం తెలుగులో, "దీదీ, మిస్త్రీ ఏడీ?" అని నా వెనక చూశాడు. మిస్త్రీని నేనేనని చెప్తే నవ్వి రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. రెండు వందల లోపే అయింది.

బిగించేటప్పుడు అసలు జాగ్రత్త వైరు అతుకుల దగ్గర. అక్కడ ఎప్పుడూ తడే. నల్ల టేపు చుట్టి వదిలేస్తే కొన్నాళ్లకి జిగురు ఊడి, రాగి పచ్చబడి, మళ్లీ మొదటికొస్తుంది. క్లిప్పు నొక్కి, మీద వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాను. అతుకు పైకి కాకుండా కిందకి వేలాడేలా పెడితే నీటి చుక్క అందులోకి దిగదు. బిళ్లని పాతది ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే, గొట్టానికి అదుముకునేలా పెట్టాలి. తియ్యకముందే ఫోన్లో ఫోటో తీసుకోవడం అందుకే.

కాయిల్ చలికెక్కాక, మంచు కరిగించే వేళని నడిపే టైమర్‌ని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పితే టక్ మని కంప్రెసర్ ఆగింది. కాసేపటికి కాయిల్ కింద వెచ్చగా తగిలింది, డ్రెయిన్లోకి చుక్కలు పడుతున్న చప్పుడు వినపడింది. మర్నాటి పొద్దున గ్లాసులో నీళ్లు 4.5 డిగ్రీలు. అమ్మ పెరుగు లోపల పెట్టింది. నాకు అంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేదు.

మార్చి చివర

కూరగాయల ట్రే కింద నీళ్లు. కరిగిన మంచునీళ్లు వెళ్లే కన్నం జిగురుతో మూసుకుపోయింది. పెద్ద సిరంజితో వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు నాలుగైదుసార్లు కొడితే తెరుచుకుంది. ఆ నీళ్లు చేరేది వెనక కంప్రెసర్ మీద ఉండే ట్రేలోకి. దాని వేడికి అవే ఆవిరైపోతాయి అంటారు గానీ, మన తేమకి ఎప్పుడూ కాసిన్ని మిగిలే ఉంటాయి. టార్చ్ వేసి చూస్తే అందులో దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి శుభ్రమైన నిలవ నీళ్లలోనే. వీధిలో మందు కొట్టించడం సరే, వారానికోసారి ఈ ట్రే తుడవాలి.

సాయంత్రాలు వోల్టేజి కూడా చూశాను. ఏసీలు అందుకునే వేళకి ప్లగ్ దగ్గర 180 దాకా పడుతోంది. కరెంటు పోయి వచ్చాక కనీసం మూడు నిమిషాలు ఆగి కంప్రెసర్ మొదలయ్యే స్టెబిలైజర్ తగిలించాం. లోపలి ఒత్తిడి సర్దుకోకముందే మొదలైతే కంప్రెసర్ తిరగలేక వేడెక్కి ఆగిపోతుంది.

ఏప్రిల్, పణా సంక్రాంతి ముందు

"ఏమ్మా మరదలా, కింద ఫ్రిజ్‌కేనా నీ వైద్యం?" అన్నారు బావ. పణా సంక్రాంతి అంటే ఇక్కడి ఒడియా ఉగాది, దానికి వాళ్లింట్లో మారేడు పణా, అంటే పానకం, చేసి వీధిలో వాళ్లందరికీ పోస్తారు. ఐస్ కావాలి.

ఐస్ మేకర్ లోపల పని సులువుగానే అర్థమవుతుంది. కరెంటుతో తెరుచుకునే సొలినాయిడ్ వాల్వ్ కొన్ని సెకన్లు తెరుచుకుని అచ్చులోకి నీళ్లు వదులుతుంది. అచ్చు మైనస్ 9 దగ్గరికి చల్లబడగానే, గడ్డ కట్టిందని లెక్కేసుకుని, కింద హీటర్ కాస్త వెలిగి ముక్కల్ని వదులు చేస్తుంది, మోటారు పళ్లు వాటిని తోసేస్తాయి. (ప్లాస్టిక్ ట్రేని మెలిపెట్టి దులిపే రకాలూ ఉన్నాయి.) వాల్వ్ తెరిచేది సమయం లెక్కన. ఎన్ని నీళ్లు పడ్డాయో దానికి తెలియదు. నీళ్లు తక్కువ పడితే ముక్క చిన్నదవుతుంది, నడిమి గడ్డ కట్టకముందే బయట పడుతుంది. గుల్ల అందుకే.

మరి నీళ్లెందుకు తక్కువ? ఫిల్టర్ మార్చి చూశారట, తేడా లేదు. నేను మేడ మీద ట్యాంకు చూశాను. ట్యాంకు అడుగు నుంచి ఫ్రిజ్ వెనక వాల్వ్ దాకా టేపు పెడితే నాలుగు మీటర్లు. నీటి ఒత్తిడి పది మీటర్ల ఎత్తుకి ఒక బార్, కాబట్టి ఇక్కడ 0.4 బార్, అంటే 6 పీఎస్ఐ (ఒత్తిడికి ఇంకో కొలత) కూడా లేదు. మాన్యువల్ అడుగుతున్నది కనీసం 20. ఆ ఒత్తిడి ట్యాంకు నుంచే రావాలంటే ట్యాంకు పద్నాలుగు మీటర్ల ఎత్తున ఉండాలి. ఈ యంత్రాలు కుళాయిలో నేరుగా ఒత్తిడితో నీళ్లొచ్చే దేశాల లెక్కలో తయారయ్యాయి. మనం వాటిని సింటెక్స్ ట్యాంకు కింద పెట్టి ఫిల్టర్లు మారుస్తూ కూర్చుంటాం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే ముడిపడి ఉంది. ఈ వాల్వ్ గట్టిగా మూసుకోవడానికి కూడా నీటి ఒత్తిడే సాయం చెయ్యాలి. ఒత్తిడి చాలకపోతే మూసుకున్నాక కూడా చుక్క చుక్కగా కారుతుంది. ఆ చుక్కలు నీళ్లొచ్చే సన్న గొట్టం కొసలో గడ్డకట్టి, చివరికి గొట్టమే మూసుకుపోతుంది. అక్క చెప్పిన "సరిగ్గా రావట్లేదు" ఇదే. గొట్టం కొసలో వేలెడంత ఐస్ కడ్డీ ఉంది. సిరంజితో వెచ్చని నీళ్లు కొట్టి కరిగించాను.

మందు కోసం కంపెనీ పార్టులు అక్కర్లేదు. వాటర్ ప్యూరిఫయర్లు బాగుచేసే ఏ దుకాణంలోనైనా 24 వోల్టుల బూస్టర్ పంపు, దాని అడాప్టర్, హై ప్రెషర్ స్విచ్, లోపల రబ్బరు సంచి ఉండే చిన్న ప్రెషర్ ట్యాంకు దొరుకుతాయి. వరస ఇలా పెట్టాను: మేడ ట్యాంకు నుంచి సెడిమెంట్ ఫిల్టర్, పంపు, స్విచ్, కార్బన్ ఫిల్టర్, ప్రెషర్ ట్యాంకు, ఆ తర్వాత ఫ్రిజ్. పంపు ఒక్కటే పెడితే చాలదా అని బావ అడిగారు. ఆ పంపు నీళ్లు పోసే వేగం తక్కువ. వాల్వ్ తెరిచి ఉండే ఆ కొద్ది సెకన్లలో అచ్చు నిండాలంటే ముందే ఒత్తిడితో నింపిపెట్టుకున్న నీళ్లు ఉండాలి. ట్యాంకు ఉంటే పంపు కూడా ఊరికే ఆగి ఆగి కొట్టుకోదు. గేజు పెట్టి చూస్తే స్విచ్ 38 పీఎస్ఐ దగ్గర పంపుని ఆపేసింది. అతుకులన్నింటికీ టిష్యూ కాగితం చుట్టి ఒక రాత్రి ఉంచితే ఒక్క ఎల్బో దగ్గరే తడిసింది. గొట్టం కొస వంకరగా కోశాను కాబట్టి, నిటారుగా కోసి మళ్లీ దోపాను.

మొదటి రోజు ఐస్ పారబోశాం. కొత్త ఫిల్టర్లోంచి నల్లటి నలుసులు వస్తాయి. ఆ తర్వాత వచ్చినవి నిండు ముక్కలు.

సంక్రాంతి అయ్యాక

పణా బాగుంది గానీ ఐస్‌కి నీచువాసన అని పక్కింటావిడ అంది. ఫ్రీజర్లో కవరు మూతి కట్టకుండా పెట్టిన కొనెం ముక్కలున్నాయి. ఐస్ వాసనలు పీల్చుకుంటుంది, బయటికి తియ్యకుండా డబ్బాలో రోజుల తరబడి పడున్న ఐస్ మరీను. చేపలు మూత బిగించే డబ్బాలోకి మారాయి, ఐస్ డబ్బా వేడినీళ్లతో కడిగాం.

బావకి ఇప్పుడు ఐస్ అద్దంలా తేటగా రావాలట. ఐస్ మేకర్‌తో కాదు. అచ్చులో నీళ్లు అన్ని వైపుల నుంచీ గడ్డకడతాయి, కరిగి ఉన్న గాలి, లవణాలు నడిమికి తోసుకొచ్చి తెల్లగా నిలబడతాయి. చిన్న థర్మోకోల్ పెట్టెలో నీళ్లు పోసి మూత లేకుండా ఫ్రీజర్లో పెడితే పైనుంచి కిందకే గడ్డకడుతుంది. అడుగున పూర్తిగా గడ్డకట్టకముందే తీసి ఆ కింది భాగం కొట్టేస్తే మిగిలింది తేటగా ఉంటుంది. పెట్టె ఇచ్చాను, చేసుకుంటున్నారు.

మే మొదట్లో

మా ఫ్రిజ్ 4 దగ్గరే నిలబడింది, కానీ కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతోంది. తలుపు రబ్బరు చుట్టూ కాగితం పెట్టి మూసి లాగి చూశాను. మూడు వైపులా గట్టిగా పట్టుకుంది, కబ్జాల వైపు కింది మూల మాత్రం కాగితం జారి వచ్చేస్తోంది. హెయిర్ డ్రయర్‌తో వెచ్చచేసి, రబ్బరు లోపలికి దూది కుక్కి, తలుపు బిగించి ఉంచితే కొంత సర్దుకుంది. ఆ మోడల్ రబ్బరు ఇక్కడ దొరకలేదు. విశాఖలో ఉందన్నారు, వచ్చేవారం అటు వెళ్తున్న పిన్నికి పాత రబ్బరు కొలతలు రాసిచ్చాను.