అర్బా మించ్ నుంచి రాజమండ్రికి, రెండు పెట్టెలూ ఒక గాబీ

ఇథియోపియాలో పాఠాలు చెప్పుకునే మనవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది, ఎవరైనా కాంట్రాక్ట్ అయిపోయి ఇండియా వెళ్ళిపోతుంటే కుక్కరూ మిక్సీ ఇడ్లీ పాత్రా కొత్తగా వచ్చినవాళ్ళకి అప్పగించి వెళ్ళాలి. నా కుక్కర్ నాకంటే ముందు ఒక గుంటూరు సారు దగ్గరుండేది, ఆయనకి ఎవరో తమిళాయన ఇచ్చాడట, అంతకు ముందు సంగతి ఎవరికీ తెలీదు. నేను చేసిందల్లా సెలవులకి వెళ్ళినప్పుడల్లా దానికో కొత్త రబ్బరు తేవడమే. 2014లో చేరినప్పుడు తీసుకున్న ఆ కుక్కర్‌ని 2019 జులైలో విజయనగరం నుంచి వచ్చిన కొత్త జంట చేతిలో పెట్టి, రెండు విజిల్స్ దాటితే మూత దగ్గర కారుద్దమ్మా చూసుకో అని చెప్పాక గానీ నాకు వెళ్ళిపోతున్నానని అనిపించలేదు.

ఎందుకు వచ్చేశావు అని అందరూ అడుగుతారు. పెద్ద కారణం ఏం లేదండి, ఆ జూన్‌లో దేశమంతా ఇంటర్నెట్ ఆగిపోయింది, మధ్యలో కాస్త వచ్చి మళ్ళీ పోయింది, అదే నెల్లో పైస్థాయిలో హత్యలు జరిగాయి, ఇక్కడ టీవీలో ఆ వార్త చూసి అమ్మ అన్నం మానేసింది. అర్బా మించ్‌లో మాకు ఏమీ కాలేదు, అరటిపళ్ళ బండ్లు రోజూలాగే తిరిగాయి, కానీ ఫోన్ లైన్ దొరికిన మొదటి రోజు నాన్న "ఇంక చాలు, వచ్చెయ్" అన్న తీరు విన్నాక కాంట్రాక్ట్ పొడిగించమని అడగబుద్ధి కాలేదు.

ఊరి గురించి చెప్పాలి కదా. దేశానికి దక్షిణాన రిఫ్ట్ లోయలో ఉంటుంది, పేరుకి అర్థం నలభై ఊటలు. కింద సికెలా, పైన సేచా, రెండు ముక్కల ఊరు, మధ్యలో ఎక్కడానికీ దిగడానికీ ఆటోలు, వాటిని అక్కడ బజాజ్ అనే పిలుస్తారు. నేనుండేది సేచాలో. అక్కడ గట్టు మీద నిలబడితే రెండు సరస్సులూ ఒకేసారి కనిపిస్తాయి, ఎడమ పక్క అబాయా ఎర్రమట్టి నీళ్ళు, కుడి పక్క చామో నీలంగా, రెంటికీ మధ్య దేవుడి వంతెన అనే కొండ. చామోలో మొసళ్ళు పడవంత ఉంటాయి. హైడ్రాలిక్స్ చెప్పేవాడికి ఇంతకంటే మంచి క్లాస్‌రూమ్ దొరకదు, నీళ్ళ రంగు చూపించి మట్టి కోత పాఠం మొత్తం చెప్పెయ్యొచ్చు.

ఫేర్‌వెల్ అని విడిగా ఏం పెట్టుకోలేదు, జులై 29న మొక్కలు నాటే కార్యక్రమం ఉంటే పిల్లలు నన్నూ రమ్మన్నారు. ఆ రోజు దేశమంతా ఒక్క రోజులో 20 కోట్ల మొక్కలు అని లక్ష్యం పెట్టుకుంటే రాత్రికి 35 కోట్లు దాటాయని ప్రభుత్వం ప్రకటించింది. ఆ లెక్క నమ్మాలో వద్దో మీ ఇష్టం గానీ మా గుట్ట మీద మాత్రం నిజంగానే నాటారు, నేనూ నాటాను, గునపం పట్టుకున్న తీరు చూసి ఆడపిల్లలు నవ్వారు కూడా. అయిపోయాక మట్టి చేతులతోనే ఒక్కొక్కడూ వచ్చి భుజానికి భుజం తాకించి, అక్కడ మగవాళ్ళ పలకరింపు అదే, "టీచర్, ఇషీ, ఇషీ" అంటూ వెళ్ళారు, ఇషీ అంటే సరే అని. నా తెల్ల చొక్కా కుడి భుజం ఎర్రగా అయిపోయింది. ఒకడు మాత్రం భుజం తాకించి, ఆగి, తన ప్రాజెక్ట్ మార్కుల గురించి అడిగాడు. వాడే నాకు బాగా నచ్చాడు.

వాళ్ళంతా కలిసి నాకో గాబీ కప్పారు. గాబీ అంటే నాలుగు పొరల నూలు దుప్పటి, ఊరి పైన కొండ మీద దోర్జే వాళ్ళు నేస్తారు, మగవాళ్ళే మగ్గం మీద కూర్చుంటారు. మన దగ్గర సన్మానంలో శాలువా కప్పి ఫొటో అవ్వగానే మర్చిపోతాం, అది మడత విప్పకుండానే ఇంకో సన్మానానికి పోద్ది. ఇది అలా కాదు, కప్పుకోవాల్సిందే, బరువు కూడా బాగానే ఉంది. ఆ క్షణంలో నా బుర్రలో తిరిగింది ఏవిటంటే పెట్టెకి 23 కిలోలు, రెండు పెట్టెలూ అప్పటికే నిండిపోయాయి, దీన్నెక్కడ పెట్టాలి అని. వెళ్ళేవాడి బుద్ధి అలాగే ఉంటుంది మరి, వాళ్ళేమో మనిషిని పంపిస్తున్నారు, నేను లగేజీ పంపిస్తున్నాను.

మర్నాడు సాయంత్రం ఇంటి ఓనరావిడ కాఫీ పెట్టింది. కాఫీ పెట్టడం అంటే మన అయిదు నిమిషాల పని అనుకునేరు. నేల మీద పచ్చగడ్డి పరిచి, బొగ్గుల కుంపటి మీద రేకు పెనం పెట్టి పచ్చి గింజలు వేయించింది, అవి చిటపటలాడి నల్లబడుతుంటే ఆ పెనం పట్టుకుని ఒక్కొక్కరి ముందుకీ వచ్చింది, చేత్తో పొగని ముక్కు దాకా లాక్కుని బావుంది అనాలి. తర్వాత రోట్లో దంచి, జెబెనా అనే మట్టి కూజాలో మరిగించి, చెవుల్లేని చిన్న కప్పుల్లోకి ఎత్తు నుంచి ఆపకుండా వరసగా పోసింది, పక్కన సాంబ్రాణి పొగ, పళ్ళెంలో మొక్కజొన్న పేలాలు. మూడు విడతలు తాగాలి, అబోల్, తోనా, బరాకా, ఆ మూడోది ఆశీర్వాదం కింద లెక్క, అది తాగకుండా లేస్తే తప్పు. రెండో కప్పు అయ్యేసరికి ఆవిడ చెప్పింది, చిన్నప్పుడు తనకి లెక్కలు చెప్పింది కూడా ఇండియా మాస్టారేనట. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచీ మనవాళ్ళు అక్కడ బళ్ళలో పని చేశారు, ముసలివాళ్ళు ఎవర్ని కదిపినా ఒక ఇండియన్ టీచర్ కథ వస్తుంది, ఎక్కువగా దెబ్బల కథే! మూడోది తాగేసరికి రెండు గంటలు గడిచాయి, ఎవరూ ఏడవలేదు, నాకు మాత్రం ఆ పొగ వల్లో ఏమో కళ్ళు మండాయి.

వ్యాన్ డ్రైవర్ రాత్రి పదకొండుకి వస్తానన్నాడు. అక్కడి గడియారం పొద్దు పొడుపు నుంచి లెక్క, మన ఏడు వాళ్ళకి ఒంటిగంట, కాబట్టి రాత్రి పదకొండు అంటే మనకి తెల్లవారుజామున అయిదు. పాపం కుక్కర్ తీసుకున్న కొత్త జంట నిజంగానే రాత్రి పదకొండుకి పులిహోర డబ్బాతో గేటు దగ్గర నిలబడ్డారు. ఇంకేం చేస్తాం, అందరం కూర్చుని ఆ పులిహోర అప్పుడే తినేశాం.

విమానం ఎక్కడానికి రాజధాని ఆడిస్ అబాబాకి వెళ్ళాలి, హవాసా వైపు అప్పుడే గొడవలు జరిగాయని సోడో, హోసాయినా, బుటాజిరా మీదుగా తీసుకెళ్ళాడు. ఆ రోజు బుధవారం, అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఉపవాసం, మాంసం గుడ్డు పాలు ఏవీ ఉండవు, మనలాంటి శాకాహారికి పండగే. దారిలో బెయాయినెతు తిన్నాను, పెద్ద పుల్లట్టు లాంటి ఇంజెరా మీద పప్పులూ ఆకుకూరా క్యాబేజీ కుప్పలు కుప్పలుగా. డ్రైవర్ నా నోట్లో ఒక ముద్ద పెట్టాడు, గుర్షా అంటారు, కాదనకూడదు. ఆడిస్ 2,300 మీటర్ల ఎత్తు, జులై అంటే వాన, చలి, ఆ గాబీ అక్కడ ప్రాణం నిలిపింది. అదే గాబీ భుజాన వేసుకుని తెల్లారి ముంబైలో దిగితే చెమటతో తడిసి ముద్దయ్యాను, హైదరాబాద్ ఫ్లైట్‌లో పక్కాయన "స్వామీజీ, ఏ ఆశ్రమం?" అని అడిగాడు.

గౌతమి ఎక్కి మర్నాడు పొద్దున్నే గోదావరి దాటాం, ఎగువన వానలకి వరద ఎర్రగా పోటెత్తి ఉంది. స్టేషన్‌కి నాన్న వచ్చారు, చిక్కిపోయారు, అదొక్కటే చూశాను. ఇంట్లో జెబెనాలో కాఫీ పెట్టాను గానీ గింజలు వేయించిన పొగకి అమ్మ దగ్గుతూ కిటికీలన్నీ తీసేసింది, నాన్న ఒక్క గుక్క తాగి "పాలేవిరా?" అన్నారు, రెండో విడతకి ఎవరూ కూర్చోలేదు.

వారం తిరక్కుండా దగ్గర్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి సర్టిఫికెట్లు పట్టుకెళ్ళాను. చేరిన కాగితం మన కేలండర్లో ఉంది, వెళ్ళేటప్పుడు ఇచ్చిన బాకీల్లేవనే కాగితం మాత్రం మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక నడిచే వాళ్ళ కేలండర్లో, పదకొండో నెల హమ్లే కాబట్టి 19/11/2011 అని. ఆఫీస్ క్లర్క్ రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"సార్, చేరింది 2014లో, మానేసింది 2011లోనా?"

పదమూడు నెలల కేలండర్ గురించి చెప్పడం మొదలెట్టాను, సగంలో ఆపి, అది పక్కన పెట్టండి సార్, మిగతావి రెండేసి జిరాక్స్‌లు తీసుకురండి అన్నాడు.