దుబాయ్ మ్యాన్‌హోలు సముద్రంలో తేలితే

హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి మ్యాపింగ్ చేసి వచ్చినవాళ్లు కూడా దుబాయ్‌లో మొదటి వారం తడబడేది కోఆర్డినేట్ల దగ్గరే. అక్కడ కళ్లు మూసుకుని యూటీఎం (ప్రపంచాన్ని నిలువు జోన్లుగా విడగొట్టే కోఆర్డినేట్ పద్ధతి) 44 నార్త్ పెట్టే అలవాటు. ఇక్కడా జోను వెతికి 40 నార్త్, అంటే ఈపీఎస్‌జీ (కోఆర్డినేట్ పద్ధతులకి నంబర్లిచ్చే జాబితా) 32640 పెట్టేస్తారు. డ్రాయింగేమో దుబాయ్ సొంత పద్ధతి దుబాయ్ లోకల్ టీఎంలో ఉంటుంది. సైట్లో అందరూ డీఎల్‌టీఎం అనేది దాన్నే. మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో దాని నంబరు 3997.

రెండింటికీ డేటమ్, అంటే కొలతలకి ఆధారమైన భూమి నమూనా, డబ్ల్యూజీఎస్ 84. ఫాల్స్ ఈస్టింగూ (మధ్యరేఖ దగ్గర తూర్పు దిశ అంకెకిచ్చే విలువ) ఒకటే, 5,00,000 మీటర్లు. ముఖ్యమైన తేడా మధ్యరేఖలో ఉంది: యూటీఎంకి 57 డిగ్రీలు, డీఎల్‌టీఎంకి 55 డిగ్రీల 20 నిమిషాలు. అందుకే తప్పు నంబరు తగిలిస్తే బుర్జ్ ఖలీఫా పక్కనుండాల్సిన మ్యాన్‌హోలు 160 కి.మీ. పైగా తూర్పుకి జరిగి, ఫుజైరా దాటి, ఒమన్ సింధుశాఖలో తేలుతుంది. అంత దూరం పోవడమే నయం. రెండు మీటర్లు జరిగితే ఎవరి కంటా పడదు.

డీఎక్స్‌ఎఫ్ ఫైలు (క్యాడ్ డ్రాయింగు) క్యూజీఐఎస్‌లో తెరిస్తే లేయరు పక్కన ప్రశ్నార్థకం కనబడుతుంది, దానికి సీఆర్‌ఎస్, అంటే ఏ కోఆర్డినేట్ పద్ధతో చెప్పే సమాచారం, లేదని. అప్పుడు అంకెలు చూడండి. బుర్జ్ ఖలీఫా దగ్గర ఈస్టింగ్ (తూర్పు దిశ అంకె) 4.94 లక్షలుంటే డీఎల్‌టీఎం, 3.26 లక్షలుంటే యూటీఎం. నార్తింగ్ (ఉత్తర దిశ అంకె) చూసి లాభం లేదు, రెండింట్లోనూ 27 లక్షల చిల్లరే. ఈస్టింగ్ 49 కోట్లు కనబడితే డ్రాయింగు మిల్లీమీటర్లలో గీశారన్నమాట. ప్రాసెసింగ్‌లో అఫైన్ ట్రాన్స్‌ఫార్మ్ తీసి ఎక్స్‌కీ వైకీ స్కేలు 0.001 ఇవ్వండి.

సెట్ లేయర్ సీఆర్‌ఎస్ అనేది లేయరుకి అంటించిన పద్ధతి చీటీ మాత్రమే మారుస్తుంది, అంకెల్ని ముట్టదు. అంకెలు మారాలంటే ఎక్స్‌పోర్ట్‌లో సేవ్ ఫీచర్స్ యాజ్. ఈ రెండూ కలగలిపితే అసలు చిక్కు: 32640 అని తప్పు చీటీ అంటించి, దాన్ని 3997కి ఎక్స్‌పోర్ట్ చేస్తారు. బుర్జ్ ఖలీఫా దగ్గరే ఈస్టింగ్ 6.6 లక్షలు చూపిస్తోందంటే ముందెవరో ఆ పని చేశారు. వెనక్కి రావాలంటే 32640కి తిరిగి ఎక్స్‌పోర్ట్ చేసి, వచ్చిన ఫైలుకి 3997 చీటీ అంటించాలి.

షేప్‌ఫైల్లో (మ్యాప్ డేటా ఫైలు) అరబిక్ వీధి పేర్లు పిచ్చిగీతల్లా కనబడితే అక్షరాల ఎన్‌కోడింగ్ చెప్పే సీపీజీ ఫైలు పోయుంటుంది. లేయరు ప్రాపర్టీస్, సోర్స్‌లో ఎన్‌కోడింగ్ విండోస్-1256 పెట్టి చూడండి, కుదరకపోతే యూటీఎఫ్-8. బాగుపడగానే జియోప్యాకేజీ అనే మరో ఫార్మాట్లో సేవ్ చేసుకుంటే షేప్‌ఫైల్లో కాలమ్ పేర్లు పది అక్షరాలు దాటకూడదన్న గొడవ కూడా తీరుతుంది.

ఫీల్డ్‌కి క్యూజీఐఎస్ ప్రాజెక్టులు తెరిచే ఫోన్ యాప్ క్యూఫీల్డ్ చాలు. ప్రాజెక్టుని ఆఫీసులోనే క్యూఫీల్డ్‌సింక్ ప్లగిన్‌తో ప్యాకేజీ చేసి ఫోన్లో వేసుకోండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. పొద్దున తీసిన పాయింట్లు ఆ రెండున్నర గంటల్లో కంప్యూటర్లోకి దించుకోవచ్చు, ఫోనూ చల్లబడుతుంది.