ఎండ్‌లెస్ స్కైలో ఒకేసారి పలు కాంట్రాక్టులు: నా అనుభవం

అంతరిక్ష వ్యాపార ఆటల్లో నేను ఎక్కువ కాలం ఆడినది ఎండ్‌లెస్ స్కై. ఇది ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ కంప్యూటర్ ఆట. కథ 3013వ సంవత్సరంలో న్యూ బోస్టన్ అనే గ్రహం మీద మొదలవుతుంది. చేతికి ఒక చిన్న నౌక వస్తుంది, దానితోపాటు 365 రోజువారీ వాయిదాల్లో తీర్చవలసిన బ్యాంకు అప్పు కూడా వస్తుంది. మొదటి నౌకగా షటిల్, స్టార్ బార్జ్, స్పారో అనే మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. సరుకుకు చోటు ఎక్కువ కాబట్టి నేను స్టార్ బార్జ్ తీసుకున్నాను. అప్పు తీరేవరకు నేను పాటించిన పద్ధతి ఒక్కటే: ఏ ప్రయాణాన్నీ ఒక్క కాంట్రాక్టు (సరుకునో ప్రయాణికులనో ఒక గ్రహానికి చేర్చే పని) కోసం చేయకుండా, ఒకే దారిలో పడే పనులను వీలైనన్ని కలిపి మోయడం.

ముందుగా ఆటలోని కాలం గురించి చెప్పాలి, ఎందుకంటే మిగతా లెక్కలన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఇక్కడ రోజులు గడియారాన్ని బట్టి కదలవు. ఒక నక్షత్ర మండలం నుంచి మరో దానికి జంప్ చేస్తే ఒక రోజు గడుస్తుంది, గ్రహం మీద దిగి మళ్లీ బయలుదేరితే ఇంకో రోజు గడుస్తుంది. గ్రహం మీది అంతరిక్ష రేవులో ఆగి మ్యాపును ఎంతసేపు పరిశీలించినా గడువులో ఒక్క రోజు కూడా తరగదు. అందువల్ల ఆలోచనకు ఖర్చు లేదు, కదలికకు మాత్రమే ఖర్చు ఉంది. గడిచిన ప్రతి రోజుకూ బ్యాంకు వాయిదా, సిబ్బందికి తలా 100 క్రెడిట్ల (ఆటలోని డబ్బు) జీతం ఖాతాలోంచి పోతాయి. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే ఇది చేతివేగాన్ని కాక ముందుచూపును పరీక్షిస్తుంది.

రేవులోని జాబ్ బోర్డులో ప్రతి పనికీ గమ్యం, సరుకు బరువు లేదా ప్రయాణికుల సంఖ్య, చెల్లింపు కనిపిస్తాయి. కొన్నింటికి గడువు తేదీ కూడా ఉంటుంది. నేను మొదట గడువున్న పనుల్లోంచి మంచి చెల్లింపు ఉన్న దానిని ఒకదాన్ని ఎంచుకుని, ఆ గమ్యం వరకు ఉన్న దారిని మ్యాపులో చూసుకునేవాణ్ణి. గమ్యం అయిదు జంపుల దూరంలో ఉండి, గడువు పది రోజులు ఉందనుకుందాం. బయలుదేరడానికి ఒక రోజు, జంపులకు అయిదు రోజులు పోగా నాలుగు రోజులు మిగులుతాయి. ఆ నాలుగు రోజులే నేను ఇతర పనుల మీద ఖర్చు పెట్టగల పెట్టుబడి. దారిలోనే ఉన్న గ్రహం మీద ఆగితే ఒక రోజు ఖర్చవుతుంది. దారికి ఒక్క జంపు పక్కన ఉన్న గ్రహానికి వెళ్లి వస్తే, వెళ్లే జంపు, అక్కడి నుంచి బయలుదేరడం, తిరిగి వచ్చే జంపు కలిపి మూడు రోజులు ఖర్చవుతాయి. పక్కకు వెళ్లవలసిన పనికి 12,000 క్రెడిట్లు, దారిలోని పనికి 6,000 క్రెడిట్లు ఇస్తున్నారనుకుంటే, మొదటిది రోజుకు 4,000 మాత్రమే తెస్తుంది, రెండోది 6,000 తెస్తుంది. బోర్డు మీద పెద్దదిగా కనిపించే అంకెను వదులుకోవడం మొదట్లో కష్టంగానే అనిపించింది కానీ, వాయిదాలు రోజు లెక్కన కట్టవలసిన వాడికి ఆదాయాన్ని కూడా రోజు లెక్కనే చూడడం తప్పదు. మిగిలిన రోజుల్లో ఒకదాన్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకునేవాణ్ణి కాదు. దారిలో దొంగలు ఎదురై ఏ గ్రహం మీదనైనా దిగి మరమ్మతు చేయించుకోవలసి వస్తే ఆ రోజు అక్కరకు వస్తుంది.

గడువు లేని పనులను అదే దిశలో ఉంటేనే తీసుకునేవాణ్ణి. వాటికి తొందర లేకపోయినా, అవి నౌకలో ఉన్నంతకాలం ఆక్రమించిన చోటుకు మరో సరుకు రాదు.

మిషన్ల (అంటే ఒప్పుకున్న కాంట్రాక్టుల) సరుకు ఎక్కించాక మిగిలిన చోటును ఖాళీగా ఉంచకూడదు. ఆటలో ఆహారం, లోహాలు, వైద్య సామగ్రి వంటి పది రకాల సరుకులు ఉంటాయి, వాటి ధరలు మండలాన్ని బట్టి మారుతుంటాయి. నా దారిలో ఎక్కడ ఏది ప్రియమో చూసి మిగిలిన టన్నులను దానితో నింపేవాణ్ణి. రేవు విడవకముందే మరో మంచి కాంట్రాక్టు కంటబడితే, కొన్న సరుకును అక్కడే అదే ధరకు అమ్మేసి చోటు చేసుకోవచ్చు, నష్టమేమీ ఉండదు. ప్రయాణికులకు మాత్రం సరుకు చోటు కాక పడకలు కావాలి. సిబ్బందికి పోగా మిగిలిన పడకలే ప్రయాణికులకు దక్కుతాయి. సరుకూ ప్రయాణికులూ ఒకరి చోటుకు ఒకరు పోటీ కారు కనుక, ఒకే దారిలో రెండూ దొరికితే అంతకన్నా మేలైన జత లేదు.

ఇంధనం సంగతి సులువే. నౌకను మండలాల మధ్య జంప్ చేయించే మామూలు ఇంజనైన హైపర్‌డ్రైవ్‌తో ఒక్కో జంపుకు 100 యూనిట్లు పడుతుంది, రేవున్న గ్రహం మీద దిగితే ట్యాంకు ఉచితంగా నిండుతుంది. నేను ఇంధనం కోసం ఆగే చోటును ఏదో ఒక పని దించే చోటుగా కూడా ఎంచుకునేవాణ్ణి. దానివల్ల ఒక్క రోజు ఖర్చుతో రెండు అవసరాలు తీరేవి.

అప్పు తీరి రెండో నౌక కొన్నాక లెక్క మారింది. రేవులో అన్ని నౌకల చోటూ కలిపి ఒకటిగానే కనిపిస్తుంది కానీ, బయలుదేరగానే సరుకు వాటి మధ్య పంపిణీ అవుతుంది. మిషన్ సరుకు మోస్తున్న నౌక వెనకబడితే, నేను గమ్యంలో దిగినా ఆ పని పూర్తి కాదు. ఆ నౌక ధ్వంసమైతే మిషనే విఫలమవుతుంది. పైగా ఆయుధాలు లేకుండా సరుకు చోటు పెంచుకుంటూ పోతే దొంగల ముఠాలను ఆకర్షించే అవకాశం కూడా పెరుగుతుంది. అందుకే మూడో నౌకగా సరుకు నౌకను కాక యుద్ధ నౌకను కొన్నాను. అప్పటి నుంచి దారిని నా నౌక ట్యాంకును బట్టి కాక, గుంపులో అన్నిటికన్నా తక్కువ ఇంధనం పట్టే నౌకను బట్టి గీస్తున్నాను. గడువున్న పనులను కూడా ఆ నౌక మధ్యలో ఇంధనం నింపుకోవడానికి పట్టే రోజును కలుపుకున్నాకే ఒప్పుకుంటున్నాను.