అజొల్లా ఎందుకు ఎర్రబడుతోంది: ఎనిమిది టబ్బుల లెక్క, ఇప్పటివరకు

పక్కింటి బాబాయి గేదెల మేపు కోసం సిమెంటు తొట్టిలో అజొల్లా వేశాడు, నీళ్ల మీద తేలుతూ పెరిగే చిన్న ఫెర్న్ మొక్క. సంక్రాంతి వెళ్లాక అది ఇటుక రంగుకి తిరిగింది. "ఎండకి అంతేరా, కొబ్బరాకు కప్పితే సరి" అని ఆయన. అంబాజీపేటలో ఎరువుల కొట్టాయనేమో "ఎండ కాదండి, సూపర్ అందక. గుప్పెడు చల్లి చూడండి" అన్నాడు. సూపర్ అంటే ఫాస్ఫరస్ ఇచ్చే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎరువు. ఇద్దరూ ఏళ్ల తరబడి చూసి చెప్పేవాళ్లే. తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడికి పరికల్పన అంటే పరీక్ష కోసం బట్టీ పట్టిన నిర్వచనం. నాకేమో సెలవు దొరికితే పెరట్లో ఏదో ఒకటి కెలకందే తోచదు. అలా మొదలైంది.

ఆకు కప్పి, సూపర్ కూడా చల్లేస్తే తొట్టి పచ్చబడేదేమో గానీ, దేనివల్ల పచ్చబడిందో తేలేది కాదు. అందుకని నాలుగు రకాలు పెట్టాం: ఎండలో సూపర్ ఉన్నది, ఎండలో సూపర్ లేనిది, నీడలో సూపర్ ఉన్నది, నీడలో సూపర్ లేనిది. ఒక్కో రకానికి రెండేసి టబ్బులు. రెండెందుకంటే, ఒక టబ్బులో పురుగు పడిందనుకోండి, ఆ తేడాని సూపర్ ఖాతాలో రాసేసుకుంటాం. ఏ టబ్బు ఏ రకమో చీటీలు వేసి తీశాం. లేకపోతే చెయ్యి తెలియకుండానే మంచి మొక్కల్ని మనకి నచ్చిన టబ్బులోకి వేస్తుంది.

టబ్బులు అడుగున్నర వెడల్పువి. ఒకే మడిలో తీసిన మట్టిని బాగా కలిపి అన్నిటికీ తూచి వేశాం. పేడ వెయ్యలేదు, అందులోనూ ఫాస్ఫరస్ ఉంటుంది. బోదె నీళ్లూ వద్దన్నాను. దాళ్వా (రెండో పంట వరి) చేలల్లో ఎరువు పడే రోజులు, ఆ నీళ్లలో ఏం కలిసొస్తుందో ఎవరికెరుక. పంచాయతీ కుళాయి నీళ్లు ఒకేసారి పట్టి, క్లోరిన్ పోయేదాకా ఒక రాత్రి నిలవుంచి పోశాం. నీడకి కడియం నర్సరీల దగ్గర దొరికే సగం నీడ పచ్చవల కట్టాం.

ఇక సూపర్ మోతాదు. పశువుల మేపుకి పెంచేవాళ్లు మామూలుగా చదరపు మీటరుకి వారానికి పది గ్రాములు వేస్తారు. మా టబ్బుకి లెక్క కడితే గ్రామున్నర. వంటింటి త్రాసు గ్రాము కంటే తక్కువ చూపించదు. అందుకే 15 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, బాగా కుదిపి, టబ్బుకి 100 మిల్లీలీటర్లు పోశాం. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ పూర్తిగా కరగదు, అడుగున తెల్లటి మడ్డి నిలుస్తుంది. పోసేటప్పుడల్లా సీసా కుదపాల్సిందే.

ఆ మడ్డి చూసే మావాడు అడిగాడు: "మావయ్యా, ఆ తెల్లటిదేంటి?" జిప్సం, అన్నాను. సూపర్‌లో దాదాపు సగం అదే. "అయితే పచ్చబడితే ఫాస్ఫరస్ వల్లో జిప్సం వల్లో ఎలా తెలుస్తది?" నిజమే. జిప్సంలో కాల్షియం, గంధకం ఉంటాయి, రెండూ మొక్కకి కావాల్సినవే. మర్నాడే జిప్సం తెచ్చి, లీటరుకి 8 గ్రాములు కలిపి, సూపర్ వెయ్యని టబ్బులకి అదే కొలతలో పోశాం. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది ఈ ప్రశ్నే. సూపర్ అందకపోతేనే ఎరుపు అన్న మాటని పరీక్షకి నిలబెట్టింది అదే.

తూకం పెద్ద తలనొప్పి. అజొల్లా నీళ్లు పట్టుకునే మొక్క. జల్లెడలో ఐదు నిమిషాలు వార్చి, తువ్వాలు మీద పరిచి, తర్వాత తూచాం. అదే అజొల్లాని మళ్లీ తడిపి మళ్లీ మళ్లీ తూస్తే ఒకసారి 52, ఒకసారి 49, ఇంకోసారి 55 గ్రాములు చూపించింది. అంటే ఆరు గ్రాముల తేడాకి అర్థం వెతకక్కర్లేదు.

ప్రతి ఆదివారం టబ్బుకి 50 గ్రాములే ఉంచి మిగిలింది బాబాయి గేదెలకి. కిక్కిరిస్తే పెరుగుదల దానంతటదే తగ్గిపోతుంది కదా. మొదటి వారం సూపర్ ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదు. మావాడు డీలా పడ్డాడు. కానీ అజొల్లా ఫాస్ఫరస్ దొరికినప్పుడు అవసరానికి మించి లోపల దాచుకుంటుంది, అది అయిపోయేదాకా ఆగాలి. తర్వాత చూడండి, వారం చివర తూకం గ్రాముల్లో: నీడ, సూపర్ ఉన్నవి 190, 176. ఎండ, సూపర్ ఉన్నవి 158, 149. నీడ, సూపర్ లేనివి 94, 88. ఎండ, సూపర్ లేనివి 85, 80. వారంలో 50 కాస్తా 200 అయితే రెండు రెట్టింపులు, అంటే మూడున్నర రోజులకొకటి. మొదటి రకం దానికి దగ్గరగా వచ్చింది.

రంగు చెప్పే పని అమ్మకిచ్చాం. ఏ టబ్బుదో చెప్పకుండా చిటికెడు చిటికెడు స్టీలు పళ్లెంలో పెడితే, పచ్చ, అంచు ఎరుపు, సగం ఎరుపు, పూర్తి ఎరుపు అని చెప్పింది. సూపర్ లేనివి ఎండలో పూర్తి ఎరుపు, నీడలో సగం ఎరుపు. సూపర్ ఉన్నవి నీడలో పచ్చ, ఎండలో అంచు ఎరుపు. జిప్సం పోసినా ఎరుపు ఆగలేదు కాబట్టి కొట్టాయన మాట గట్టిదే. బాబాయి మాటా తీసెయ్యలేం. ఎండ ఎక్కువైనా, ఫాస్ఫరస్ తక్కువైనా ఆ మొక్క ఆంథోసయనిన్ జాతి రంగు పదార్థంతో అదే ఎరుపు తెచ్చుకుంటుంది. సూపర్ లేని టబ్బుల్లో వేర్లు కూడా వేలెడు పొడవు సాగి వేలాడుతున్నాయి.

మధ్యలో ఒక సాయంత్రం కాగితం మైక్రోస్కోపు తీశాం, స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాష్ బృందం చేసిన ఫోల్డ్‌స్కోప్. పెద్దది చేసేది 140 రెట్లే. ఆకుని స్లైడు మీద చుక్క నీటిలో పెట్టి పెన్సిలు వెనక్కొసతో నలిపితే, లోపలి అరల్లోంచి అనబీనా బయటికొచ్చింది, తెగిన పూసల దండల్లా. అజొల్లా ఆకుల్లో కాపురముండే నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా అది. మధ్యమధ్య కొంచెం పెద్దగా, లేతగా ఉండేవి హెటిరోసిస్టులు. గాల్లో నత్రజనిని పట్టే పని వాటిదే, ఆ పని చేసే ఎంజైముకి ఆక్సిజన్ పడదు. అందుకే ఆ కణాలకి గోడ మందం. ఎర్రటి ఆకులోనూ దండలు కనిపించాయి గానీ ఎన్ని తగ్గాయో లెక్కపెట్టే ఓపిక ఇద్దరికీ లేకపోయింది.

ఇంకో చిక్కు మిగిలింది. మధ్యాహ్నం రెండింటికి ఎండ టబ్బు నీళ్లు 36 డిగ్రీలు, నీడ టబ్బువి 31. అంటే మేం ఎండ అని రాసుకున్నదాంట్లో వెలుతురూ ఉంది, వేడీ ఉంది. పెరుగుదల తగ్గింది దేనివల్ల? ఈసారి ఎండ టబ్బుల్ని బాబాయి కుడితి గోలెంలాంటి పెద్ద నీటి తొట్టిలో సగం దించి పెడతాం, వెలుతురు అంతే ఉండి వేడి తగ్గేలా. కాలువలు కట్టేశాక కుళాయి కూడా రోజు మార్చి రోజే వస్తుంది, కాబట్టి ఈ విడత మార్చిలోనే ముగించాలి. గోలెం అడిగితే బాబాయి ఇస్తానన్నాడు గానీ, ముందు తన తొట్టిలో సూపర్ చల్లి పెట్టమంటున్నాడు.