తోటివేషం నాడు మా అబ్బాయి

తిరుపతి గంగమ్మ జాతరలో తోటివేషం నాడు, ఒళ్ళంతా బొగ్గుపొడి పూసుకుని, వేపమండలు చేతబట్టి, బూతులు తిడుతూ తాతయ్యగుంటలోని గంగమ్మ గుడి వైపు పోయే గుంపు మా వీధిలోకి రాగానే మా పెద్దమ్మాయి వాళ్ళకు ఎదురుగా పరుగెత్తింది. దానికన్నా రెండేళ్ళు చిన్నవాడైన మా అబ్బాయి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక్కు చేరాడు. అప్పుడు వాడికి ఐదేళ్ళు. మే నెల ఎండలో కూడా వాడి అరచేయి చల్లబడి చెమటతో తడిసి ఉంది. "ఈ పిల్లోడు ఉత్త బెదురుగొడ్డు మ్మే" అన్నది మా అత్త. ఆమె ప్రేమలో లోటు లేదు గానీ, ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది.

ఒకే కడుపున పుట్టిన పిల్లలు ఇంత వేరుగా ఎందుకుంటారు? తోబుట్టువుల మధ్య కూడా, మనిషికీ మనిషికీ తేడా ఉండే జన్యువులలో సగటున సగమే కలుస్తాయి. బ్రిటన్‌లో కవలలను పరిశీలించి 2020లో ప్రచురించిన ఒక పరిశోధన, సున్నితత్వంలో మనుషుల మధ్య ఉండే తేడాలలో సుమారు 47 శాతం జన్యువుల వల్ల వచ్చేదని, మిగతాది ప్రధానంగా ఒక్కొక్కరికి విడిగా ఎదురయ్యే అనుభవాల వల్ల వచ్చేదని తేల్చింది. అంటే ఒకే ఇల్లయినా ఇద్దరు పిల్లలకు అది ఒకే ఇల్లు కాదు.

నా ఆలోచనను పూర్తిగా మార్చినది థామస్ బాయిస్ అనే అమెరికన్ పిల్లల వైద్యుడి పరిశోధన. ఆయన బృందం చిన్నపిల్లలకు చిన్నచిన్న సవాళ్ళు ఇచ్చి, అప్పుడు వాళ్ళ గుండె వేగమూ రక్తపోటూ ఎంత మారుతున్నాయో కొలిచి, తర్వాత ఎవరెవరికి ఎన్నిసార్లు జలుబూ దగ్గూ వంటి జబ్బులు వచ్చాయో లెక్క చూసింది. శరీరం ఎక్కువగా స్పందించే పిల్లలు ఒత్తిడి నిండిన పరిస్థితులలో అందరికన్నా ఎక్కువగా జబ్బు పడ్డారు. ఆశ్చర్యం ఏమిటంటే, ప్రశాంతంగా ఉన్నచోట అదే రకం పిల్లలు అందరికన్నా తక్కువగా జబ్బు పడ్డారు. 1995లో వెలువడిన ఈ ఫలితాన్ని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతవరకూ నేను లోపమనుకున్నది, చెడునూ మంచినీ రెండింటినీ లోతుగా పీల్చుకునే గుణమని అప్పుడు అర్థమైంది.

బాయిస్ ఇలాంటి పిల్లలను, శ్రద్ధగా సాకితేనే బాగా పూసే ఆర్కిడ్ పూలతో పోల్చాడు. నాకైతే మన ఆకుతోటలు గుర్తుకొస్తాయి. గుట్ట మీద సీతాఫలం చెట్టుకు ఎవరూ నీళ్ళు పోయరు, అయినా కాస్తుంది. తమలపాకు తీగకు అవిశ చెట్ల నీడ కావాలి, తడి ఆరకూడదు, వడగాలి తగలకూడదు. రైతు ఆ తీగను పిరికిదని తిట్టడు, నీడ చూసుకుంటాడు.

మరుసటి ఏడాది బడిలో ఒక ఉపాధ్యాయుడు బల్ల మీద బెత్తంతో కొట్టి కేకలు వేసేవారు. మా అబ్బాయిని ఆయన ఏనాడూ ఒక్క దెబ్బ వేయలేదు. అయినా ప్రతి ఉదయం ఏడున్నరకు, బూట్లు తొడిగే వేళకు సరిగ్గా, కడుపునొప్పి అనేవాడు. ఆదివారం నొప్పి ఉండేది కాదు. సెక్షను మార్పించాక కొత్త టీచరు మెల్లగా మాట్లాడే మనిషి కావడంతో, నెల తిరిగేసరికి కడుపునొప్పి పోవడమే కాకుండా వాడు ఇంటికొచ్చి పద్యాలు అప్పజెప్పడం మొదలుపెట్టాడు. అదే బడిలో, అదే కేకల మధ్య, మా అమ్మాయి మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా చదివింది.

ఇదంతా ఒకే ఒక్క జన్యువు చేసే పని అని అనుకోకూడదు. 2003లో, మెదడులో సంకేతాలు మోసే సెరోటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన ఒక జన్యువు పొట్టి రూపం ఉన్నవారు కష్టాలకు ఎక్కువగా కుంగుతారన్న పరిశోధన పెద్ద పేరు పొందింది గానీ, తర్వాత వేలమందిని పరీక్షించిన అధ్యయనాలు దానిని బలపరచలేదు. ఇటువంటి స్వభావాల వెనుక వేలకొలది జన్యుభేదాలు, ఒక్కొక్కటి రవ్వంతగా, పనిచేస్తాయి. అందుకే జన్యుపరీక్షతో పిల్లల మనసు చెబుతామనే ప్రకటనలను నేను నమ్మను.

పెంపకం జన్యువుల పనితీరును కూడా తాకగలదని మాంట్రియల్‌లో మైఖేల్ మీనీ బృందం ఎలుకల మీద చూపింది. తల్లి బాగా నాకి సాకిన పిల్లలు పెద్దయ్యాక ఒత్తిడికి తక్కువగా బెదిరాయి. పుట్టగానే పిల్లలను మార్చి వేరే తల్లి దగ్గర ఉంచితే, కన్నతల్లి పోలిక కాక పెంచినతల్లి పోలిక వచ్చింది. ఒత్తిడి హార్మోనును గుర్తించే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువుపై మిథైల్ గుర్తులు, అంటే జన్యువు పనిని హెచ్చించే తగ్గించే రసాయన ముద్రలు, తల్లి బాగా నాకిన పిల్లలలోనూ అంతగా నాకని పిల్లలలోనూ వేరువేరుగా ఉన్నాయని 2004లో వారు ప్రకటించారు. ఎలుకల మాటను మనుషులకు ఉన్నదున్నట్టు అంటగట్టలేము, కానీ బిడ్డను దగ్గరకు తీసుకోవడం ఒట్టి ముద్దు మాత్రమే కాదని నాకు దీనివల్ల నమ్మకం కుదిరింది.

మళ్ళీ జాతర వచ్చింది. ఆ ఉదయం మా అబ్బాయిని పక్కింటికి తీసుకెళ్ళాను. అక్కడ వాడికి బాగా తెలిసిన అన్న పెరట్లో బొగ్గు నూరుకుంటున్నాడు. మావాడు చాలాసేపు దూరంగా నిలబడి చూసి, చివరికి దగ్గరకు పోయి, వేలు ముంచి తన మోచేతి మీద ఒక నల్లగీత గీసుకుని, "నీళ్ళు పోస్తే పోతుందా అన్నా?" అని అడిగాడు. పోతుందని అతను తన చేయి కడిగి చూపించాడు. సాయంత్రం గుంపు వచ్చినప్పుడు అక్కలాగా వాడు పరుగెత్తలేదు. గడప మీద, నా పక్కనే, వేపమండ పట్టుకుని నిలబడ్డాడు. రెండో చేయి నా చేతిలో ఉంది. అరచేయి వెచ్చగానే ఉంది.