మెల్లగా మోగిన బెల్లు

మన బడి పాత విద్యార్థుల కలయిక కమిటీ తరఫున, మనమంతా క్యారియర్ అని పిలిచే మిత్రుడు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. "రెండు పేజీలప్పా, నీకేది గుర్తుంటే అది రాయి" అన్నాడు. ఆరు, ఏడు తరగతుల్లో ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఎనిమిది బి కిటికీ సంగతి, హాస్టల్ ఉగ్గాని సంగతి రాసేవాళ్లు చాలామందే ఉంటారు. నాకు గుర్తున్నది తొమ్మిదో తరగతిలో మూడు నెలలు. డ్రిల్లు సారూ, రాణి అనే గుర్రమూ.

గ్రౌండు చివర చింతచెట్టు కింద కట్టేసిన రాణిని ఎవరు మర్చిపోతారు? గుత్తి రోడ్డు రైతు సవారీకని కొన్నాడు. రికాబులో కాలు పెడితే చాలు, దౌడు తీసేది. ఇద్దరిని పడేసింది. సార్ సైన్యంలో గుర్రాల పని చేశారని, మీరట్‌లో సైన్యం జంతువులను చూసుకునే ఆర్‌వీసీ సెంటర్లో ఉండి వచ్చారని ఎవరో చెప్తే తెచ్చి అప్పగించాడు.

సార్ దాన్ని నాలుగు కొట్టి లొంగదీస్తారని మనమంతా గోడెక్కి కూర్చున్నాం. ఆయన వారం రోజులు దాని మీద చెయ్యి కూడా వేయలేదు. పక్కన స్టూలు వేసుకుని పేపరు చదువుకున్నారు. విసుగొచ్చి ఒక్కొక్కరే దిగిపోయారు. నేను దిగలేదు. ఎనిమిదో రోజు సార్ నన్ను పిలిచారు.

"భుజం వైపు నుంచి రా అబ్బోడా. సరిగ్గా ముక్కు ముందరా, తోక వెనకా దానికి కనపడదు." జీను ఎత్తి వీపు చూపించారు. రెండు పక్కలా పుండ్లు. మనిషి ఎక్కితే అక్కడే నొక్కుకునేది. పళ్లు కూడా చూశారు. పక్క పళ్ల అంచులు కత్తిలా పెరిగి కళ్లెం లాగినప్పుడల్లా బుగ్గ కోసుకునేది. పశువుల డాక్టరును పిలిపించి అరగదీయించారు. పనేమీ లేకుండా రోజుకు రెండు పూటలా తింటున్న ఉలవల గుగ్గిళ్లు తగ్గించి గడ్డి పెంచారు. పొగరు అని అందరూ అన్నది నొప్పీ, భయమూ.

తర్వాత అంతా అ ఆల నుంచే. కళ్లెం లేదు, తలకు తాడు మాత్రమే. సార్ తాడు కొంచెం లాగేవారు. రాణి ఒక్క అడుగు వేయగానే వదిలేసేవారు. "లాగితే నేర్చుకోదురా, వదిలితే నేర్చుకుంటుంది" అనేవారు. నడవడం, ఆగడం, వెనక్కి జరగడం, పొడవు తాడు మీద గుండ్రంగా తిరగడం. పుండ్లు మానాక వీపు మీద గోనె సంచి వేశాం, ఆ తర్వాతే జీను. అది కూడా పాతది కాదు, దాని వీపుకు సరిపోయేది. రికాబులు ఊగుతూ డొక్కకు తగిలినా ఉలిక్కిపడని రోజు వచ్చాకే మనిషి. క్లాసులో అందరికన్నా బక్కవాణ్ణి నేనే కాబట్టి ఆ మనిషిని నేనయ్యాను. జీను మీద అడ్డంగా బోర్లా పడుకుని పది లెక్కపెట్టి దిగేవాణ్ణి. నాలుగు రోజులు అంతే.

ఐదో రోజు కాలు అవతలికి వేసి కూర్చున్నాను. అప్పుడే మూడో పీరియడ్ బెల్లు కొట్టారు. చింతచెట్టు నుంచి నీళ్ల ట్యాంకు దాకా పోయింది రాణి. నేను మధ్యలోనే పడ్డాను. మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. సార్ ముందు నా చెయ్యి చూశారు, తర్వాత దాని కాళ్లు చూశారు. మర్నాడు మళ్లీ తలతాడు దగ్గర మొదలుపెట్టారు.

ఇన్నేళ్లకు ఒక సంగతి చెప్తున్నాను. ఆ తర్వాత రెండు వారాలు బెల్లు సరిగ్గా వినపడలేదని, లెక్కల సార్ పీరియడ్ అయిపోయినా ఇంకో రెండు లెక్కలు చేయించారని మీరంతా అటెండర్ తాతను తిట్టారు. తాత తప్పేం లేదు. డ్రిల్లు సార్ వెళ్లి అడిగితే ఆయన సుత్తికి గుడ్డ చుట్టి కొట్టాడు. కొట్టినప్పుడల్లా నేను రాణి ముందు గుప్పెడు గుగ్గిళ్లు పెట్టేవాణ్ణి. రోజుకో మడత గుడ్డ తగ్గించాం. గుడ్డ మొత్తం తీసేసి గట్టిగా కొట్టిన రోజు రాణి తల దించి నా చేతుల్లో వెతుక్కుంది. వార్షికోత్సవం నాడు దాని మీద నేను గ్రౌండు చుట్టిన ఫోటో మీ దగ్గర ఉంటుంది. నాకు ఆ ఫోటో కంటే ఆ తల దించడమే ఎక్కువ.

ఇప్పుడు హిందూపురం దగ్గర ఆరెకరాల్లో పద్నాలుగు గుర్రాలకు శాల కట్టుకున్నాను. బెంగళూరు రేసుల నుంచి తప్పుకున్నవాటిని తెచ్చి సవారీకి తయారుచేస్తాను. రేసులో జాకీ పగ్గాలు బిగబట్టిన కొద్దీ వాటి మీద ఆనుకుని పరుగెత్తడం వాటికి అలవాటు. అలాంటి గుర్రాన్ని ఆపాలని కొత్తవాళ్లు రెండు చేతులా లాగితే అది ఇంకా పోతుంది. అందుకే నా దగ్గరికి ఏది వచ్చినా ముందు వీపు, పళ్లు, దాణా, ఆ తర్వాత తలతాడు. ఇక్కడ తయారైనవాటి మీద పదేళ్ల పిల్లలు సవారీ నేర్చుకుంటున్నారు.

సార్ పోయేముందు ఒకసారి వచ్చారు. శాలంతా తిరిగారు. ఒక గుర్రం జీను కింద చెయ్యి దూర్చి తడిమి చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, "టీ తాగుదామా" అన్నారు.

క్యారియర్, నేను తప్పకుండా వస్తాను. వరండాలో ఆ రైలుపట్టా ముక్క ఇంకా వేలాడుతుంటే ఆ రోజు మొదటి బెల్లు నన్ను కొట్టనివ్వండి. గుడ్డ నేనే తెచ్చుకుంటాను.